నిలిచిపోయిన దృశ్యం

ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకంలో జ్ఞానప్రసారానికి లభించిన సాధనాలలో సీడీ-రామ్ విశిష్టమైనది. పన్నెండు సెంటీమీటర్ల అడ్డుకొలత, 1.2 మిల్లీమీటర్ల మందం గల ఆ పలుచని బిళ్ళలో 650 మెగాబైట్ల సమాచారం ఇమిడేది. బీరువా నిండే విజ్ఞాన సర్వస్వం దానితో అరచేతిలోకి వచ్చింది. 1993లో మైక్రోసాఫ్ట్ సంస్థ తొలిసారిగా వెలువరించిన ఎన్‌కార్టా వంటి సీడీలలో అక్షరం, ధ్వని, ఛాయాచిత్రం, కదిలే దృశ్యం ఒకే తెరమీద సమావేశమయ్యాయి. ఇన్ని మాధ్యమాలు కలిసినందువల్లనే దీనికి మల్టీమీడియా అనే పేరు వచ్చింది. గుండె కవాటాలు తెరుచుకొని మూసుకొనే తీరును పుస్తకంలో ఎన్ని వాక్యాలలో వర్ణించినా, పది సెకన్ల దృశ్యం చూసిన విద్యార్థికి కలిగే అవగాహన వేరు.

అయితే ఆ పది సెకన్ల దృశ్యమే చాలాచోట్ల సరిగా కనిపించలేదు. మాటలు వినిపిస్తూ ఉండగానే బొమ్మ నిలిచిపోవడం, బొమ్మ కుంటుతూ నడవడం, పెదవుల కదలికకూ మాటకూ పొంతన లేకపోవడం, తెర నల్లగా ఉండిపోవడం, రంగులు వికృతంగా మారడం ఆనాటి కంప్యూటర్ల ముందు కూర్చున్నవారికి తరచుగా ఎదురైన అనుభవాలు. ఇలాంటప్పుడు సాధారణంగా వినవచ్చే తీర్పులు రెండే: 'సీడీ పాడైంది', లేదా 'కంప్యూటర్ పాతది'. రెండూ చాలావరకు తొందరపాటు తీర్పులే. మొదటిదాని వల్ల మంచి సీడీ చెత్తబుట్టకు చేరుతుంది. రెండవదాని వల్ల ఇంకా పనికివచ్చే యంత్రం మూలపడుతుంది. లోపం ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి ఒక క్రమం ఉంది. అది బోధపడాలంటే సీడీలోని దృశ్యం తెరమీదికి ఎలా చేరుతుందో ముందుగా గ్రహించాలి.

కదిలే దృశ్యం అంటే వేగంగా ఒకదాని వెంట ఒకటి మారే నిశ్చల చిత్రాల వరుస. అడ్డంగా 320, నిలువుగా 240 బిందువులు గల చిన్న చిత్రాన్ని తీసుకొందాం. అందులో 76,800 బిందువులు ఉంటాయి. ఒక్కొక్క బిందువు రంగును పూర్తిగా తెలపడానికి మూడు బైట్లు కావాలి. అంటే ఒక చిత్రానికి 2,30,400 బైట్లు. సెకనుకు పదిహేను చిత్రాలు చూపాలంటే 34,56,000 బైట్లు అవసరం. తొలినాటి సీడీ డ్రైవు సెకనుకు 75 ఖండాలను చదివేది. ఒక్కొక్క ఖండంలో 2,048 బైట్ల సమాచారం ఉంటుంది కనుక సెకనుకు అందేది 1,53,600 బైట్లు మాత్రమే. కావలసినది దీనికి ఇరవై రెండున్నర రెట్లు! పైగా దృశ్యాన్ని ఉన్నదున్నట్లుగా నింపితే సీడీ మొత్తం మూడు నిమిషాల పైచిలుకు దృశ్యానికే సరిపోతుంది. ధ్వనికి చోటే ఉండదు.

ఈ అంతరాన్ని పూడ్చడానికి కుదింపు అనే ఉపాయం కనుగొన్నారు. వక్త మాట్లాడుతున్నప్పుడు అతని వెనుక గోడ మారదు. మారేది ముఖం మాత్రమే. మారని భాగాన్ని మళ్ళీ మళ్ళీ రాయకుండా, మారినదాన్ని మాత్రమే నమోదు చేస్తే ఎంతో చోటు కలిసివస్తుంది. ఇలా కుదించి, చూపేటప్పుడు తిరిగి విప్పే సాఫ్ట్‌వేర్‌ను కోడెక్ అంటారు. ఒకటో వేగపు డ్రైవుల కాలంలో సినీప్యాక్, ఇంటెల్ సంస్థ రూపొందించిన ఇండియో అనే కోడెక్‌లు విస్తారంగా వాడుకలో ఉండేవి. కుదింపు వల్ల భారం తొలగిపోలేదు. డ్రైవు మీదనుంచి ప్రాసెసర్ మీదికి మారింది. సెకనుకు పదిహేనుసార్లు చిత్రాన్ని విప్పే పని ఇప్పుడు దానిది. 1991 నాటి మల్టీమీడియా పీసీ ప్రమాణం 16 మెగాహెర్ట్జ్ వేగం గల 386 తరగతి ప్రాసెసర్‌తో, 2 మెగాబైట్ల మెమరీతో తృప్తిపడింది. 1993 నాటి రెండవ ప్రమాణం 25 మెగాహెర్ట్జ్ 486ను, 4 మెగాబైట్ల మెమరీని, రెండింతల వేగపు సీడీ డ్రైవును కోరింది. మొదటి ప్రమాణానికి సరిపోయే యంత్రంలో రెండవ ప్రమాణం కోసం చేసిన సీడీని వేస్తే బొమ్మ కుంటడం సహజమే. ఆ కాలపు దృశ్యాలు తెరమీద తపాలా బిళ్ళంత గవాక్షంలో కనిపించడానికి కారణం తయారీదారుల పిసినారితనం కాదు, ఈ లెక్క.

సీడీ నుంచి తెరవరకు దృశ్యం చేసే ప్రయాణం చెరువు నుంచి చివరి ఆయకట్టుకు పారే నీటి వంటిది. బిళ్ళమీది గుర్తులను లేజర్ కిరణం చదవాలి. డ్రైవు ఆ సమాచారాన్ని కేబులు ద్వారా మెమరీకి పంపాలి. ప్రాసెసర్ దాన్ని విప్పాలి. డిస్‌ప్లే కార్డు బొమ్మను, సౌండ్ కార్డు ధ్వనిని అందుకోవాలి. చివరి పొలానికి నీరందకపోతే చెరువు ఎండిందని ఇంట్లో కూర్చొని తేల్చే రైతు ఉండడు. కాలువ గట్టు వెంట నడిచి, తూము తూమునూ చూసి, ఎక్కడ గండి పడిందో, ఎక్కడ పూడిక చేరిందో కనుక్కొంటాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నవారు చేయవలసింది కూడా అదే.

అన్నింటికంటె ముందు చేయవలసిన పరీక్ష చాలా సులభమైనది. చాలా సీడీలలో దృశ్యాలు విడివిడి ఫైళ్ళుగా ఏదో ఒక ఫోల్డరులో ఉంటాయి. వాటి పేర్ల చివర ఏవీఐ, ఎంఓవీ, ఎంపీజీ వంటి మూడక్షరాలు కనిపిస్తాయి. ఇబ్బంది పెడుతున్న ఫైలును హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, అక్కడినుంచి నడిపి చూడాలి. ఫలితం మూడు విధాలుగా ఉండవచ్చు. కాపీ మధ్యలోనే ఆగిపోతే, లేదా డ్రైవు గరగర శబ్దంతో ఒకేచోట తచ్చాడితే లోపం బిళ్ళలోనో, దాన్ని చదివే కటకంలోనో ఉన్నట్లు. కాపీ పూర్తయి, హార్డ్ డిస్కు మీద దృశ్యం సాఫీగా నడిస్తే బిళ్ళ బాగానే ఉంది, ప్రాసెసరూ సమర్థమైనదే. డ్రైవు నుంచి సమాచారం తగిన వేగంతో రావడం లేదు. అక్కడా కుంటితే సీడీకీ ఈ సమస్యకూ సంబంధం లేదు. కోడెక్, ప్రాసెసర్, డిస్‌ప్లే వైపు చూడాలి. ఐదు నిమిషాల ఈ పరీక్షతో సగం కాలువ మన అనుమానం నుంచి తప్పుకొంటుంది. దీన్ని చేయకుండా విండోస్‌ను తుడిచి మళ్ళీ ఎక్కించే అలవాటు మరమ్మతు అనిపించుకోదు. దానివల్ల అసలు లోపం బయటపడకపోగా, ఉన్న ఆధారాలు కూడా చెరిగిపోతాయి.

బిళ్ళలో లోపం ఉందని తేలితే దాన్ని శుభ్రం చేసే పద్ధతి తెలిసి ఉండాలి. సీడీలో సమాచారం లోపలి అంచు నుంచి వెలుపలికి, దాదాపు ఐదు కిలోమీటర్ల పొడవైన ఒకే సర్పిలాకారపు బాటగా పరుచుకొని ఉంటుంది. చిన్న చిన్న గీతల వల్ల కొన్ని గుర్తులు చెరిగినా, ముందే చేర్చి ఉంచిన అదనపు అంకెల సహాయంతో డ్రైవు వాటిని తిరిగి లెక్కకట్టగలదు. అయితే నష్టం ఒకేచోట పొడవునా ఉంటే ఆ లెక్క తప్పుతుంది. గ్రామఫోను రికార్డును తుడిచినట్లు గుండ్రంగా తుడిస్తే పడే గీత బాట వెంటే సాగి అలాంటి నష్టాన్నే కలిగిస్తుంది. కాబట్టి మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచువైపు తిన్నగా తుడవాలి. మరొక సంగతి చాలామందికి తెలియదు. మెరిసే వైపే సుకుమారమైనదని భావించి, పేరు ముద్రించిన వైపును నేలకు ఆనించి పెడతారు. నిజానికి ప్రతిబింబాన్నిచ్చే అల్యూమినియం పొర ఆ ముద్రణకు కొద్దిగా కిందనే, పలుచని లక్క పూత చాటున ఉంటుంది. మెరిసే వైపు గీతను సానపట్టి పోగొట్టవచ్చు. పేరున్న వైపు గీత లోతుగా పడితే గుర్తులే పోతాయి. బిళ్ళ శుభ్రంగా ఉండి, ఏ సీడీ వేసినా ఇదే తంతు అయితే కటకం మీద దుమ్ము చేరిందని అనుమానించాలి.

డ్రైవు నెమ్మదించడానికి కారణం కొన్నిసార్లు కంటికి కనిపించదు. సమాచారాన్ని డ్రైవు నుంచి మెమరీకి చేర్చడానికి రెండు మార్గాలు ఉన్నాయి. పీఐఓ అనే పాత పద్ధతిలో ప్రతి భాగాన్నీ ప్రాసెసరే స్వయంగా మోయాలి. డీఎంఏ పద్ధతిలో సమాచారం నేరుగా మెమరీకి చేరుతుంది. ప్రాసెసర్ తన పని తాను చేసుకొంటుంది. విండోస్ 98లో డివైస్ మేనేజర్‌లోని సీడీ డ్రైవు వివరాలలో డీఎంఏకు ఒక గడి ఉండేది. అది ఖాళీగా ఉంటే, వంటచేసే మనిషినే నీళ్ళు మోయడానికి పంపినట్లయ్యేది. విండోస్ ఎక్స్‌పీలో ఇంకొక చిక్కు ఏర్పడింది. గీతలు పడ్డ బిళ్ళను చదవలేక డ్రైవు పదేపదే విఫలమైతే ఆ వ్యవస్థ భద్రత కోసం తనంత తానుగా డీఎంఏను వదిలి మెట్టు మెట్టుగా పీఐఓకు దిగిపోయేది. ఆ తరువాత మంచి సీడీ వేసినా వేగం తిరిగి వచ్చేది కాదు. ఒక చెడ్డ బిళ్ళ చేసిన చేటు అన్ని బిళ్ళలకూ అంటుకొనేది. డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానెల్‌ను తొలగించి కంప్యూటర్‌ను మళ్ళీ ప్రారంభిస్తే ఆ వ్యవస్థ దాన్ని కొత్తగా గుర్తించి డీఎంఏను పునరుద్ధరించేది.

మాట వినిపించి తెర నల్లగా ఉంటే ఆలోచన కోడెక్ వైపు మళ్ళాలి. ఏవీఐ అనేది కుదింపు పద్ధతి పేరు కాదు, పెట్టె పేరు. 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన వీడియో ఫర్ విండోస్‌తో అది ప్రచారంలోకి వచ్చింది. అందులో ధ్వని, దృశ్యం పడుగు పేకల వలె అల్లుకొని ఉంటాయి. ఒకే పేరున్న పెట్టెలలో ఒకదానిలో సినీప్యాక్, వేరొకదానిలో ఇండియో ఉండవచ్చు. పెట్టె తెరుచుకొన్నంత మాత్రాన లోపలి భాష అర్థమైనట్లు కాదు. ధ్వనిని తెలిసిన పద్ధతిలో నింపితే అది వినిపిస్తుంది; దృశ్యానికి కావలసిన కోడెక్ లేకపోతే తెర నల్లగా ఉంటుంది. ఆపిల్ సంస్థ 1991లో విడుదల చేసిన క్విక్‌టైమ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. క్విక్‌టైమ్ ఆధారంగా తయారైన చాలా సీడీలు తమకు కావలసిన కూర్పును తమ వెంటే తెచ్చుకొనేవి. అడిగిన వెంటనే దాన్ని ఎక్కించడం వల్ల, అప్పటికే ఉన్న కొత్త కూర్పుతో తగవు వచ్చి, నిన్నటివరకు నడిచిన సీడీ నేడు మొరాయించిన సందర్భాలు ఉన్నాయి.

కాలం గడిచిన కొద్దీ ఈ చిక్కు మరింత బిగిసింది. భద్రతా లోపాల కారణంగా 2009 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ పాత విండోస్ కూర్పులలోని మీడియా ప్లేయర్‌లో ఇండియో నడవకుండా అడ్డుకట్ట వేసింది. 2016లో విండోస్ కోసం చేసిన క్విక్‌టైమ్‌కు ఆపిల్ మద్దతు ఆగిపోయింది. 64 బిట్ల విండోస్‌లో 16 బిట్ల ప్రోగ్రాములు నడవవు. తొంభైల నాటి సీడీలలో అనేకం అలాంటివే. అంటే కొత్త కంప్యూటర్ కొంటే సమస్య తీరుతుందన్న నమ్మకం ఇక్కడ తలకిందులైంది. పాత యంత్రం కుంటుతూనైనా చూపిన దృశ్యాన్ని కొత్త యంత్రం అసలే చూపలేదు. సీడీలోని ప్రోగ్రాము నడవకపోయినా, వీడియో ఫైలు మాత్రం విడిగా దొరికితే వీఎల్‌సీ వంటి ప్లేయర్లు సినీప్యాక్‌నూ, ఇండియోనూ తమ సొంత కోడెక్‌లతో విప్పి చూపగలవు.

రంగుల గొడవ వేరు. తొలి మల్టీమీడియా యంత్రాలలో చాలావాటికి తెరమీద ఒకేసారి 256 రంగులకు మించి చూపే శక్తి లేదు. వాటిలో ఇరవై రంగులను విండోస్ తనకోసం అట్టిపెట్టుకొనేది. మిగిలిన 236 రంగుల పళ్ళెంతోనే సూర్యాస్తమయాన్నీ, మనిషి ముఖఛాయనూ చిత్రించాలి. ఒక దృశ్యం తన రంగులను పళ్ళెంలో నింపుకొన్నప్పుడు తెరమీది తక్కిన బొమ్మల రంగులు తారుమారై మెరిసేవి. యంత్రం 65,536 రంగులు చూపగలిగినప్పుడు అమరికను ఆ స్థాయికి పెంచితే ఈ వికృతి పోతుంది. విచిత్రమేమంటే, 256 రంగులు ఉంటేనే నడుస్తానని పట్టుబట్టే సీడీలు కూడా వచ్చాయి. అటువంటివాటి కోసమే విండోస్ ఎక్స్‌పీ నుంచి ప్రోగ్రాము గుణాలలో 256 రంగులకు, 640, 480 బిందువుల తెరకు తగ్గించే సౌకర్యం కల్పించారు.

డిస్‌ప్లే కార్డును నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేర్ సరిపడకపోతే ఏమవుతుందో 1994 క్రిస్మస్ నాడు అమెరికాలో వేలాది ఇళ్ళలో తెలిసింది. డిస్నీ సంస్థ 'ది లయన్ కింగ్' కథను సచిత్ర సీడీగా విడుదల చేసింది. పండుగనాడు పిల్లలు ఆశగా కానుక విప్పి కంప్యూటర్‌లో వేస్తే చాలాచోట్ల అది నడవలేదు. చిత్రాలను వేగంగా గీయడానికి అందులో వాడిన విన్‌జీ అనే కొత్త సాధనానికీ, కొన్ని యంత్రాల డిస్‌ప్లే డ్రైవర్లకూ పొసగలేదు. సంస్థ సహాయ కేంద్రానికి ఫోన్లు వెల్లువెత్తాయి. 1995లో మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌ఎక్స్‌ను తీసుకురావడానికి ప్రేరణనిచ్చిన సంఘటనలలో దీన్ని ఒకటిగా చెబుతారు. ఆ పిల్లల బిళ్ళలలో గీత లేదు, యంత్రాలు పాతవీ కావు.

మాట సాఫీగా సాగుతుండగా బొమ్మ గెంతుతూ ఉంటే కొందరు సౌండ్ కార్డును అనుమానిస్తారు. అది పొరపాటు. ధ్వని ఒక్క క్షణం తెగినా చెవికి వెంటనే తెలుస్తుంది. రెండు చిత్రాలు తప్పిపోయినా కన్ను సర్దుకొంటుంది. అందుచేత ప్రాసెసర్ వెనుకబడినప్పుడు ప్లేయరు ధ్వనిని కాపాడి చిత్రాలను వదిలేస్తుంది. గెంతే బొమ్మ కొరతకు సూచన. వెనుక నడుస్తున్న ఇతర ప్రోగ్రాములను మూసివేయడం, గవాక్షాన్ని సాగదీయకుండా అసలు పరిమాణంలోనే చూడడం, వీలైతే మెమరీ పెంచడం దీనికి ఉపాయాలు. ఒక్కొక్క మార్పు చేసి, ఫలితాన్ని కాగితం మీద రాసుకొని, తరువాతే మరొకటి చేయాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే దృశ్యం నడిచినా ఏది నడిపించిందో తెలియదు.

తెలుగు సీడీల విషయంలో మరొక ఇబ్బంది కూడా తోడైంది. యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు తెలుగు సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటి ఒక్కొక్క సంకేత పద్ధతిని అనుసరించాయి. సీడీకి కావలసిన ఫాంటు కంప్యూటర్‌లో లేకపోతే దృశ్యం చక్కగా నడిచినా దాని కింది వివరణ అర్థంలేని రోమన్ అక్షరాల గుంపుగా కనిపించేది. అది సీడీ చెడిపోవడం కాదు. ఆ బిళ్ళలోనే ఏదో ఒక ఫోల్డరులో ఉన్న ఫాంటును ఎక్కిస్తే అక్షరాలు తెలుగయ్యేవి.

ఇంత శ్రమ ఎందుకు అన్న ప్రశ్నకు బ్రిటన్‌లో జరిగిన ఒక ఉదంతం సమాధానం చెబుతుంది. 1086లో ఇంగ్లండు రాజు విలియం తన రాజ్యంలోని భూములను, ఆస్తులను లెక్కించి డూమ్స్‌డే గ్రంథం రాయించాడు. దాని తొమ్మిది వందల ఏళ్ళ సందర్భంగా 1986లో బీబీసీ అదే తరహాలో ఆనాటి బ్రిటన్ జీవితాన్ని నమోదు చేసింది. పది లక్షలమందికి పైగా పాల్గొన్న ఆ ప్రయత్నంలో బడిపిల్లలే అధికం. తమ ఊరి వీధులు, దుకాణాలు, ఆటలు, భోజనం గురించి వారు రాసి పంపారు. ఆ సమాచారాన్ని, చిత్రాలను సీడీలలో కాక పెద్ద లేజర్ బిళ్ళలలో నిక్షిప్తం చేశారు. పదిహేనేళ్ళు తిరగకముందే వాటిని చదివే యంత్రాలు అరుదైపోయాయి. బిళ్ళలు ఉన్నాయి, గుర్తులు ఉన్నాయి, చదివే దారి మూసుకుపోయింది. 2002లో లీడ్స్, మిచిగాన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ సాయంతో దాన్ని మళ్ళీ తెరిచి చూపారు. తొమ్మిది శతాబ్దాల నాటి తోలు పుటల గ్రంథం మాత్రం ఎవరి సహాయమూ లేకుండా చదవడానికి వీలుగా ఉంది. మన తాళపత్రాల సంగతీ అంతే. లిపి తెలిసిన కన్ను చాలు. సీడీకి కన్నుతోపాటు లేజరు, డ్రైవు, కోడెక్, వాటిని ఎరిగిన విండోస్ కూడా కావాలి.

ఈ కారణంగా, నడిచేటట్లు చేయగలిగిన పాత సీడీని చూసి ఊరుకోకుండా, హక్కులు అనుమతించిన మేరకు దాని పూర్తి ప్రతిని హార్డ్ డిస్కులో భద్రపరచడం గ్రంథాలయాలు పాటించే పద్ధతి. ఫైళ్ళను మాత్రమే కాపీ చేస్తే సరిపోదు; చాలా ప్రోగ్రాములు బిళ్ళ పేరును కూడా సరిచూసుకొంటాయి. కాబట్టి బిళ్ళ మొత్తాన్నీ ఖండం ఖండంగా ఒకే ఐఎస్ఓ ఫైలుగా తీయాలి. పాటల సీడీలో వలె ధ్వనిని విడి ట్రాకులుగా ముద్రించిన బిళ్ళలకు ఐఎస్ఓ చాలదు. ధ్వని ట్రాకులను కూడా పట్టే బిన్, క్యూ ఫైళ్ళ జంట కావాలి. ఆ సీడీ ఏ విండోస్‌లో, ఎన్ని రంగుల అమరికలో, ఏ కూర్పు క్విక్‌టైమ్‌తో నడిచిందో ఒక కాగితం మీద రాసి దానితోపాటే ఉంచుతారు. ఆ తరువాత ఏ కొత్త కంప్యూటర్‌లోనైనా, పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో విండోస్ 95ను ఎక్కించి, ఆ ప్రతిని జతచేసి, తెరను 256 రంగులకు తగ్గిస్తే, తపాలా బిళ్ళంత గవాక్షంలో గుండె కవాటాలు సెకనుకు పదిహేను చిత్రాల చొప్పున తెరుచుకొని మూసుకొంటాయి.